పల్తీయేలు ఏడుపు: యుద్ధ ప్రేమకథలు చదివే మన పిల్లల గురించి

ధ్యాన భాగం: 2 సమూయేలు 3:12-16



ఈ మధ్య మన యువతుల మధ్య ఒక నవల తిరుగుతోంది. పేరు డివైన్ రైవల్స్. అమెరికా రచయిత్రి రెబెకా రాస్ రాసింది, 2023లో వచ్చింది. విశాఖలో నర్సింగ్ చదివే పిల్లలు సెలవులకు వస్తూ దాన్ని ఫోన్‌లో తెచ్చుకున్నారు. ఇంగ్లీషు వచ్చిన అక్క చదివి, రాని చెల్లెళ్ళకు పొయ్యి దగ్గర కూర్చుని కథ చెప్తోంది. వాళ్ళు ఏడుస్తున్నారు. "రోమన్, రోమన్" అని ఒకటే మాట. విన్న పెద్దలు కొందరు ముందు ఆ రోమన్ ఏ ఊరి కుర్రాడో అని కంగారు పడ్డారు. నవలలో మనిషి అని తెలిశాక కంగారు పోయి కోపం వచ్చింది. "పాస్టర్ గారూ, దీన్ని మందిరంలో ఖండించండి. ఫోన్లు తీసుకోమని చెప్పండి" అన్నారు. ఒక ఇంట్లోనైతే కూతురిని కాలేజీ మాన్పించేద్దామనే మాట కూడా లేచింది.

సరే, ఖండిస్తాను. ఖండించే ముందు పుస్తకం చదివాను. చదవకుండా తీర్పు తీర్చడం విశ్వాసికి తగదు. చదివాక నాకు కూడా ఒక ఫిర్యాదు మిగిలింది. కానీ అది మన పెద్దల ఫిర్యాదు కాదు. వాళ్ళు పట్టుకున్న మూడు తప్పులూ తప్పులు కావని, అసలు తప్పును ఎవరూ పట్టుకోలేదని నేను అంటున్నాను. కోపం రాకుండా చివరి వరకూ చదవండి.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో చెప్తాను. ఒకప్పుడు భార్యాభర్తలైన ఇద్దరు దేవతల వైరం వల్ల ఒక దేశంలో యుద్ధం లేస్తుంది. ఐరిస్ అనే అమ్మాయి అన్న ఆ యుద్ధానికి వెళ్ళాడు, కబురు లేదు. తల్లి తాగుడులో పడింది. ఆ పిల్ల ఒక పత్రికలో పనిచేస్తూ, రాత్రిళ్ళు అన్నకు ఉత్తరాలు టైపు చేసి బట్టల బీరువా తలుపు కింద పెడుతుంది. ఉత్తరాలు మాయమవుతాయి. అవి వెళ్ళి పడేది అదే పత్రికలో ఆమెకు పోటీగా ఉన్న రోమన్ కిట్ గదిలో. టైపు మిషన్లలో మంత్రం ఉందన్నమాట. అతను తానెవరో చెప్పకుండా జవాబులు రాస్తాడు. తరువాత ఆమె విలేఖరిగా యుద్ధం జరిగే చోటికి వెళ్తుంది, అతనూ వెనకే వెళ్తాడు. అక్కడ ఒక చిన్న ఊళ్ళో పెళ్ళి చేసుకుంటారు. పెళ్ళయిన వెంటనే ఆ ఊరి మీద దాడి జరిగి ఇద్దరూ విడిపోతారు. మన పిల్లలు ఏడుస్తున్నది అక్కడ.

ఇక మొదటి ఫిర్యాదుకు వద్దాం. "అది కల్పితం, కల్పితమంటే అబద్ధం, అబద్ధం పాపం" అంటున్నారు.

పెద్దలారా, దావీదు పాపం చేసినప్పుడు దేవుడు నాతాను ప్రవక్తను పంపాడు. నాతాను వెళ్ళి ఏం చేశాడు? ఒక కథ చెప్పాడు. ఒక ధనవంతుడు, ఒక పేదవాడు, పేదవాడు కూతురిలా పెంచుకున్న ఒక చిన్న గొర్రెపిల్ల. ఆ ధనవంతుడూ లేడు, ఆ గొర్రెపిల్లా లేదు. అంతా కల్పితం. ఆ కథకే దావీదు గుండె మండింది, ఆ మంటలోనే తన పాపం కనబడింది (2 సమూయేలు 12). న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము చెప్పిన కథలో చెట్లు మాట్లాడతాయి, తమకు రాజు కావాలని ఒలీవ చెట్టునూ అంజూరపు చెట్టునూ అడుగుతూ తిరుగుతాయి. చెట్లు మాట్లాడటం మీకు అభ్యంతరం కాకపోతే, టైపు మిషన్ ఉత్తరం మోయడం ఎందుకు అభ్యంతరం? మన ప్రభువు ఎన్ని ఉపమానాలు చెప్పాడు! మనం ఆదివారం బడి పిల్లలకు ఇచ్చే యాత్రికుని ప్రయాణం సంగతేమిటి? రాక్షసులు, నిరాశ కోటలు, భయంకరమైన లోయలు. 1678లో అచ్చయిన ఆ పుస్తకం రాసిన జాన్ బన్యన్ సువార్త ప్రకటించినందుకు బెడ్‌ఫర్డ్ జైలులో పన్నెండేళ్ళు ఉన్నాడు. ఆయన్ని అబద్ధికుడు అందామా?

రెండో ఫిర్యాదు మంత్రం. ద్వితీయోపదేశకాండము 18 చూపించి, సోదె, మంత్రతంత్రాలు దేవునికి హేయం అంటున్నారు. ఆ వాక్యం సత్యం. నేను దానికి తల వంచుతాను. కానీ ఆ వాక్యం ఎవరి మీద పడుతుందో చూద్దాం. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా రాత్రిపూట గుట్టుగా మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళే విశ్వాసి మన మధ్య లేడా? పక్కింటి ముసలమ్మకు చిల్లంగి తెలుసని గుసగుసలాడే నోళ్ళు ఆదివారం పాటలు పాడటం లేదా? చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన ఏజెన్సీలో మనుషులను కొట్టి చంపిన కేసులు పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు? మంత్రాన్ని నిజమని నమ్మి, భయపడి, మనిషి ప్రాణం తీసే చోట ఆ వాక్యం చదవాలి. కథలో మంత్రం కథకే అని ఆ నర్సింగ్ పిల్లకు తెలుసు. జ్వరం వస్తే ఆ పిల్ల థర్మామీటర్ పెడుతుంది. ఎవరి నమ్మకం భయంకరమో మీరే చెప్పండి.

మూడో ఫిర్యాదు ప్రేమ. పరమగీతము మన బైబిల్లో ఉంది. అట్ట మధ్యలో అంటించి ఎవరూ దాచలేదు. ఈ నవలలో ఆ ఇద్దరూ పెళ్ళి ప్రమాణాలు చేసుకునే దంపతులవుతారు. పెళ్ళి రాత్రి గురించి కొన్ని పేజీలు ఉన్నాయి. పదో తరగతి పిల్లలకు అవి తగవు, అక్కలు ఆ భాగం దాటేసి చెప్పాలి. ఆ మాట సూటిగా చెప్తున్నాను. ఇరవై ఏళ్ళు దాటిన ఆడపిల్లకు మాత్రం ప్రేమ అనే మాటే వినబడకూడదంటే, రేపు ఆమెకు పెళ్ళి ఎలా చేస్తారు?

ఇంకో సంగతి. వాట్సాప్‌లో చేతులు మారే ఆ పీడీఎఫ్ దొంగ సరుకు. పుస్తకంలో పాపం వెతికిన మన పెద్దల్లో ఒక్కరికీ ఈ ఎనిమిదో ఆజ్ఞ గుర్తు రాలేదు! పిల్లలారా, కొనుక్కుని చదవండి, లేదా కొన్నవాళ్ళ దగ్గర అడిగి తీసుకుని చదవండి.

ఇప్పుడు నా ఫిర్యాదు.

ఆ నవల చదివిన పిల్లలు నా దగ్గరికి వచ్చి మాట్లాడారు. ప్రతి ఒక్కరూ అడిగింది ఒకే ప్రశ్న: "అయ్యగారూ, రోమన్ ఏమవుతాడు?" రెండో భాగం దొరుకుతుందా అని కూడా అడిగారు. ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకున్న ఊరు ఒకటుంది కదా. వాళ్ళకు చోటిచ్చి, అన్నం పెట్టిన ఊరు. దాడిలో ఆ ఊరి ఇళ్ళు ఏమయ్యాయి, ముసలివాళ్ళు ఎటు పోయారు, ఆ ఏడు వాళ్ళు ఏం తిన్నారు? ఒక్క పిల్ల కూడా అడగలేదు. పిల్లల మనసు రాయి కాదు. కథ వాళ్ళ కళ్ళను అటు తిప్పలేదు, అంతే. ఆ ఊరు ఒక పెళ్ళి పందిరి. పెళ్ళి అయిపోయాక పందిరి గురించి ఎవరు ఆలోచిస్తారు?

యుద్ధ ప్రేమకథల అబద్ధం ఇక్కడుంది. ఇద్దరు మనుషులు దగ్గరవడానికి యుద్ధం ఒక ఏర్పాటు అయిపోతుంది. వాన పడితే ఒకే గొడుగు కింద నిలబడినట్టు, బాంబు పడితే ఒకే గుంటలో దాక్కుంటారు. ఆ బాంబు ఇంకెవరి మీద పడిందో కథకు అక్కర లేదు. చదివేవాళ్ళ మనసులో తెలియకుండానే ఒక తీపి నిలిచిపోతుంది: యుద్ధం ఉంటేనే ప్రేమ గొప్పదవుతుంది, ప్రమాదం లేని ప్రేమ చప్పగా ఉంటుంది.

రెబెకా రాస్‌కు అన్యాయం చేయను. ఆమె నవలలో ఒక మంచి చోటు ఉంది. ఐరిస్ గాయపడిన సైనికుల పక్కన కూర్చుని, వాళ్ళు చెప్తుంటే వాళ్ళ ఇళ్ళకు ఉత్తరాలు టైపు చేసి పెడుతుంది. మన పిల్లలు ఆ పేజీలు తొందరగా తిప్పేసి రోమన్ దగ్గరికి పరుగెత్తారు. నాకైతే ఆ పుస్తకంలో ప్రేమ కనబడింది ఆ మంచాల దగ్గరే. నర్సు కాబోయే బిడ్డలారా, అది మీ పని. మీ పేజీని మీరే దాటేశారు!

కల్పిత కథలన్నీ ఇలాగే ఉండాలని లేదు. టోల్కీన్ అనే ఇంగ్లండు రచయిత 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. చిన్ననాటి నుంచి కలిసి చదివిన ప్రాణ స్నేహితులు నలుగురిలో ఇద్దరు ఆ యుద్ధంలో పోయారు. ఆయన జబ్బుపడి తిరిగొచ్చాడు. 1917లో భార్య ఈడిత్ అడవిలో పూల మధ్య నాట్యం చేయడం చూసి ఒక ప్రేమకథ రాయడం మొదలుపెట్టాడు. బెరెన్ అనే మనిషి, లూతియెన్ అనే చావులేని జాతి కన్య. అందులో రాక్షసులు, మంత్రాలు అన్నీ ఉన్నాయి. కానీ ఆ కథలో బెరెన్ చెయ్యి తోడేలు నోట్లో పోతుంది. లూతియెన్ ప్రేమ కోసం తన చావులేనితనాన్నే వదులుకుంటుంది. ఉచితంగా ఏదీ రాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ దంపతుల సమాధి రాయి మీద వాళ్ళ పేర్ల కింద ఆ రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి. ఆయన స్నేహితుడు సి.ఎస్. లూయిస్ 1918లో ఫ్రాన్సులో గాయపడ్డాడు. 1950లో ఆయన రాసిన నార్నియా కథ మొదలయ్యేది, లండన్ మీద బాంబులు పడుతుంటే ఇల్లు వదిలిన నలుగురు పిల్లలతో. యుద్ధాన్ని ఒంటి మీద మోసినవాళ్ళు మంత్రాల కథ రాసినా లెక్క దాచలేదు.

ఇక అందరికంటే లెక్క దాచనిది మన పరిశుద్ధ గ్రంథం. యుద్ధం మధ్య ప్రేమ అంటే బైబిల్లో మొదట గుర్తొచ్చేది దావీదు, మీకాలు. నవల రాయాలంటే ఇంతకంటే ఏం కావాలి? రాజు కూతురు ఒక గొర్రెల కాపరిని ప్రేమించింది. ఆ మాట గ్రంథమే చెప్తుంది (1 సమూయేలు 18:20). సౌలు కట్నంగా నూరుమంది ఫిలిష్తీయుల ప్రాణాలకు గురుతులు తెమ్మన్నాడు. దావీదు రెండు వందలు తెచ్చాడు. తండ్రి చంపడానికి మనుషులను పంపితే, మీకాలు కిటికీలోనుంచి భర్తను దించి పంపేసి, మంచం మీద బొమ్మను పెట్టి దుప్పటి కప్పింది. సినిమా అయితే ఇక్కడ విశ్రాంతి పడుతుంది, హాలంతా చప్పట్లు.

గ్రంథం అక్కడ ఆగలేదు. సౌలు మీకాలును పల్తీయేలు అనే మరో మనిషికి ఇచ్చేశాడు. ఏళ్ళు గడిచాయి. దావీదు రాజయ్యాడు, రాజ్యం కలవాలంటే సౌలు కూతురు కావాలి. మీకాలును తెమ్మని కబురు పంపాడు. ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. ఆమెను తీసుకుపోతుంటే పల్తీయేలు బహూరీము వరకూ ఏడుస్తూ వెనకాల నడిచాడు. అబ్నేరు "వెనక్కి పో" అన్నాడు. పోయాడు. గ్రంథంలో అతని గురించి ఇంకేమీ లేదు. అతను యుద్ధం చేయలేదు, కుట్ర చేయలేదు. పెద్దవాళ్ళ యుద్ధం అతని ఇంట్లోకి వచ్చి భార్యను తీసుకుపోయింది. మన ధ్యాన భాగం అందుకే అతని గురించి పెట్టాను. నవలల్లో పల్తీయేలు ఉండడు. ఉంటే కథానాయకుడి మీద మన ప్రేమ చెడుతుంది. పరిశుద్ధాత్మ దేవుడు మాత్రం దావీదు కథలో కూడా ఆ ఏడుపును చెరపనివ్వలేదు. తరువాత మీకాలు దావీదును హీనంగా చూసిందని చదివి ఆమెను తిట్టే ప్రసంగాలు చాలా విన్నాం. ఆ నడక మధ్యలో ఆమె గుండెలో ఏం చచ్చిపోయిందో చెప్పే ప్రసంగం ఎన్నిసార్లు విన్నాం?

బత్షెబ సంగతి చూడండి. దాన్ని ప్రేమకథ చేసి పాడేవాళ్ళున్నారు. 2 సమూయేలు 11 మొదటి వచనమే రాజులు యుద్ధానికి వెళ్ళే కాలమని చెప్తుంది. సైన్యం రబ్బా దగ్గర ఉంది, రాజు మేడ మీద ఉన్నాడు. ఊరియా ఇంటికి పోయి పడుకోనన్నాడు, తోటి సైనికులు బయట గుడారాల్లో ఉన్నారని. అతని చావు రాసిన ఉత్తరాన్ని అతని చేతికే ఇచ్చి పంపాడు దావీదు. నవలలో ఉత్తరం ప్రేమ మోస్తుంది. నిజం యుద్ధంలో ఉత్తరం ఒక్కోసారి మోసే మనిషినే చంపుతుంది. ఊరియాతో పాటు ఇంకొందరు సైనికులు కూడా ఆ రోజు చచ్చారని 17వ వచనంలో ఉంది. వాళ్ళ పేర్లు లేవు. ఒక రాజు మోహానికి వాళ్ళ ఇళ్ళలో దీపాలు ఆరాయి.

దెబోరా కీర్తన చివర చూడండి (న్యాయాధిపతులు 5:28-30). ఓడి చచ్చిన సీసెరా తల్లి కిటికీ దగ్గర నిలబడి, కొడుకు రథం ఇంకా రాలేదేమని చూస్తుంది. పక్కనున్నవాళ్ళు ఏమని ఓదారుస్తున్నారు? దోపిడీ పంచుకుంటున్నారు, అందుకే ఆలస్యం, ఒక్కొక్కడికి ఒకరిద్దరు ఆడపిల్లలు అని. ఓడినవాడి తల్లి ఎదురుచూపు, ఓడించబడే ఊళ్ళ ఆడపిల్లల గతి, రెండూ ఒకే చోట పెట్టింది గ్రంథం. యుద్ధంలో ఆడపిల్లకు జరిగేది ఇది. కిటికీ దగ్గర ఉత్తరం కోసం ఎదురుచూడటం చాలా కొద్దిమందికే దక్కుతుంది.

మరి దేవుని ధర్మశాస్త్రం ప్రేమనూ యుద్ధాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏం చెప్పింది? ప్రధానం చేసుకుని ఇంకా పెళ్ళాడనివాడు యుద్ధానికి రావద్దు, ఇంటికి తిరిగి వెళ్ళాలి (ద్వితీయోపదేశకాండము 20:7). కొత్తగా పెళ్ళైనవాడిని ఏడాది పాటు సైన్యంలోకి తీసుకోకూడదు, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టాలి (24:5). మూడు వేల ఏళ్ళనాటి లోకంలో, రాజులందరూ మగాళ్ళను లెక్కపెట్టి యుద్ధానికి తోలుతున్న కాలంలో, దేవుడు కొత్త పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని నువ్వు ఇంటికి పో అంటున్నాడు. నవల ప్రేమికులను యుద్ధంలోకి పంపుతుంది, ధర్మశాస్త్రం వాళ్ళను యుద్ధంలోనుంచి బయటకు తెస్తుంది. నా వాదం మొత్తం ఈ రెండు వచనాల మీద నిలబడుతుంది.

ఇది మన కొండలకు ఎందుకు చెప్తున్నాను? యుద్ధం మనకు పుస్తకంలో సంగతి కాదు గనుక.

మన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు 2022లో పెట్టారు. ఆ పితూరీ ఎందుకు లేచిందో మన పిల్లలను అడగండి. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్ళతో రోడ్డు పనులు చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు. అడవి చట్టాలు పోడును ఆపేశాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చేశారు. ఆయనతో నడిచిన గాం గంటందొర కూడా ఆ ఏడే చనిపోయాడు. తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కూలి డబ్బుల దగ్గర, పోడు చేను దగ్గర మొదలైన యుద్ధం అది.

దాన్ని కథ చేసినవాళ్ళు ఏం చేశారు? 1974లో కృష్ణ గారి సినిమాలో రాజు కోసం పరితపించే సీత వచ్చింది. 2022లో ఆర్‌ఆర్‌ఆర్‌లో మళ్ళీ ఎదురుచూసే సీత వచ్చింది. జీవితంలో ఎప్పుడూ కలవని రాజునూ కొమురం భీమునూ కలిపి పులులతో, నిప్పుతో, నీటితో ఆటాడించారు. మనమూ చూశాం, ఈలలు వేశాం. సినిమా తీసినవాళ్ళే అది కల్పితమన్నారు, నాకు దానితో పేచీ లేదు. నా పేచీ ఏమిటంటే, సీత ఎదురుచూపు అందరికీ గుర్తుంది, బాస్టియన్ ఎగ్గొట్టిన కూలి ఎవరికీ గుర్తు లేదు. ఆ కూలి మన తాతలది.

అంత వెనక్కి పోనక్కర లేదు. 2018 సెప్టెంబరు 23, ఆదివారం. డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర పట్టపగలు మన ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆ వారం ఈ లోయలో ఎవరికి నిద్ర పట్టింది? రాత్రి వచ్చినవాళ్ళకు అన్నం పెడితే పగలు వచ్చినవాళ్ళు ప్రశ్నిస్తారు. పగలు వచ్చినవాళ్ళతో మాట్లాడితే రాత్రి వచ్చినవాళ్ళు ప్రశ్నిస్తారు. ఇలాంటి బతుకు బతికిన ఊళ్ళు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అటు అడవిలోకి వెళ్ళిన బిడ్డల తల్లులు, ఇటు యూనిఫాం వేసిన బిడ్డల తల్లులు, ఇద్దరూ సీసెరా తల్లిలా వాకిట్లో నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరినైనా యుద్ధం ప్రేమను గొప్ప చేస్తుందా అని అడగండి.

ఇంకొక ప్రమాదం ఉంది. అది తుపాకీ కంటే దగ్గర్లో ఉంది. ప్రమాదంలోనే ప్రేమ నిజమవుతుందని మనసుకు అలవాటైతే, పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా అదే కొలత వస్తుంది. నెమ్మదిగా మాట్లాడే కుర్రాడు చప్పగా కనిపిస్తాడు. కోపంగా, మౌనంగా, ఏదో గాయం దాచుకున్నట్టు ఉండేవాడు లోతైనవాడిలా కనిపిస్తాడు. నా ప్రేమతో మారుస్తాను అనుకుంటుంది పిల్ల. చెల్లెమ్మా, పెళ్ళయ్యాక ఆ కోపం సంతరోజు సాయంత్రం తాగొచ్చి నీ వీపు మీద దిగుతుంది. ముఖం మీద దెబ్బతో మందిరానికి వచ్చి చివరి వరుసలో కూర్చునే అక్కలను నువ్వూ చూశావు.

మన కొండల్లో ప్రేమ ఎలా ఉంటుందో చెప్తాను. రోడ్డు లేని ఊరు. వాన. నొప్పులు మొదలైన భార్యను డోలీలో పడుకోబెట్టి, ముందు ఒకరు, వెనక ఒకరు భుజం మీద కర్ర పెట్టుకుని, వాగు దాటి, కిలోమీటర్లు నడిచి అంబులెన్సు దాకా తెచ్చే మగాడు. అతను ఉత్తరం రాయలేదు, సంతకం కూడా రాదు. భుజం తోలు ఊడిపోయి ఉంటుంది. పాప పుట్టాక ఆసుపత్రి అరుగు మీద కూర్చుని బీడీ కూడా కాల్చకుండా కళ్ళు తుడుచుకుంటాడు. రాసే చెయ్యి ఉన్న బిడ్డ మన సంఘంలో ఎవరైనా ఉంటే, అతని గురించి నవల రాయండి. ఆ డోలీ ఇంకా ఎందుకు మోయాల్సి వస్తోందో కూడా అందులో రాయండి.

కాబట్టి పెద్దలారా, మీకు నా మాట ఇది. ఒక నవల చదివిందని ఏ ఆడపిల్లనూ కాలేజీ మాన్పించకండి. ఈ కొండల్లోనుంచి ఒక నర్సు తయారవడానికి ఎన్ని చేతులు ఎత్తి పంపాయో మీకు తెలుసు. పుస్తకం చూసి భయపడి ఆమెను ఇంట్లో కూర్చోబెడితే, తొందరగా పెళ్ళి చేసి పంపేస్తే, రేపు డోలీ వచ్చి ఆగే చోట ఆమె ఉండదు. కథలో జరగని నష్టం మీ చేతులతో జరుగుతుంది. ఫోన్ లాక్కోవడం కంటే, "ఆ కథ నాకూ చెప్పమ్మా" అని పక్కన కూర్చోండి. తాత చూసిన పోలీసు కాలం, అమ్మ చూసిన భయం, మీరు ఆమెకు చెప్పండి. మన ఇళ్ళలో నోరు విప్పని యుద్ధ కథలు ఉన్నాయి. వాటిని మనం చెప్పకపోతే, మన పిల్లలకు యుద్ధం గురించి అమెరికా నవలే చెప్తుంది.

పిల్లలారా, మీకు నా మాట ఇది. చదవండి, ఏడవండి. కన్నీళ్ళు పెట్టుకున్నందుకు దేవుడు ఎవరినీ గద్దించలేదు. కానీ పుస్తకం మూసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కథలో పల్తీయేలు ఎవరు? ఎవరి ఇల్లు కాలింది, ఎవరి పేరు రాయలేదు, ఎవరు ఏడుస్తూ వెనక్కి నడిచారు? ఆ మనిషి కనబడే వరకూ పేజీలు వెనక్కి తిప్పండి. కథలో ఆ మనిషిని వెతకడం నేర్చుకున్న కళ్ళకు వార్డులో చివరి మంచం కూడా కనబడుతుంది.

మన ప్రభువు కూడా ప్రాణం పెట్టి ప్రేమించాడు కదా, అది యుద్ధ వీరుడి ప్రేమ కాదా అని ఎవరైనా అడగవచ్చు. గెత్సేమనేలో పేతురు కత్తి దూశాడు. ప్రభువు ఆ కత్తిని ఒరలో పెట్టమని, తెగిన చెవిని ముట్టి బాగుచేశాడు. తన్ను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి అది. ఆ దాసుని పేరు మల్కు అని యోహాను సువార్తలో రాసి ఉంది. ఎదుటి పక్షంలో ఒక దాసుడి పేరు కూడా మన గ్రంథం మరిచిపోలేదు. ప్రేమ గురించి మనకు అంతకంటే మంచి గ్రంథకర్త దొరకడు.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా బిడ్డల కన్నీళ్ళను ఎగతాళి చేయని మనసు మా పెద్దలకు ఇవ్వండి. దగ్గరున్న దుఃఖాన్ని చూసే కళ్ళు మా బిడ్డలకు ఇవ్వండి. ఈ కొండల్లో తుపాకీ శబ్దం మళ్ళీ వినబడకుండా కాపాడండి. ఎదురుచూసిన తల్లులను, అడవి వైపువాళ్ళనూ యూనిఫాం వైపువాళ్ళనూ, మీరే ఓదార్చండి. డోలీ మోసే భుజాలకు బలం, వాళ్ళ ఊళ్ళకు రోడ్డు దయచేయండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి